వాళ్లు ఎక్కడివాళ్లో తర్వాత, ముందు వచ్చారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నామధ్య ఆదివారం అనుబంధంలో ఏలియన్ల మీద మీరు వేసిన రెండు పేజీల కథనం గురించి ఈ ఉత్తరం. ఇంత ఆలస్యం ఎందుకంటే, ఎవరో ఒక సైన్సు పంతులైనా మీకు రాయకపోతాడా, మీరు వేయకపోతారా అని రోజూ ఈ శీర్షిక చూస్తూ వచ్చాను. వచ్చినవన్నీ మెచ్చుకోళ్లే. 'కళ్లు తెరిపించారు' అని ఒకాయన రాస్తే దానికి బాక్సు కట్టి మరీ వేశారు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

'వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?' అని అడిగి, కింద మీరే జవాబులు కూడా ఇచ్చేశారు. వేరే గ్రహం, వేరే లోకం, సముద్రం అడుగు, భూమి లోపలి సొరంగాలు, అవేవీ కాకపోతే భవిష్యత్తు నుంచి వెనక్కి వచ్చిన మన మునిమనవళ్లు. పెళ్లికొడుకు ఉన్నాడో లేడో తెలియకుండా గోత్రం విచారించినట్టుంది.

ఊహించడం తప్పని నేననను. నా పేచీ ఊహను వార్త చేయడం మీదే. భూమ్మీదే రహస్యంగా మరో తెలివైన జాతి దాక్కుని ఉందేమో అని 2024లో హార్వర్డ్, మోంటానా టెక్‌లకు చెందిన ముగ్గురు ఒక వ్యాసం రాశారు. చాలామంది శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరని వాళ్లే అందులో చెప్పుకున్నారు. మీ దగ్గరికి వచ్చేసరికి అది 'హార్వర్డ్ తేల్చేసింది' అయింది! జాక్ వాలే ఫొటో వేసి, గ్రహాంతరవాసులున్నారని నమ్మిన శాస్త్రవేత్త అన్నారు. ఆయన జీవితమంతా యూఎఫ్ఓల మీద పనిచేసిన మాట నిజం. కానీ వేరే గ్రహం నుంచి వస్తున్నారన్న వాదం నిలవదని 1990లో వ్యాసం రాసిందీ ఆయనే. భూమిని పరిశీలించి పోవడానికి అన్నిసార్లు దిగాల్సిన పనేముంది, ఎక్కడో పుట్టినవాళ్లకు మనలాగే రెండు కాళ్లు, రెండు చేతులు ఎలా వచ్చాయి అని అడిగాడు. యూఎఫ్ఓలు నిజమని నమ్మినవాడే అంత కచ్చితంగా అడిగితే, మీరు ఆయన్ని తీసుకెళ్లి అవతలి పక్షంలో కూర్చోబెట్టారు.

దూరం లెక్క అయినా ఒక్క ముక్క రాయాల్సింది. 1977లో బయల్దేరిన వోయేజర్-1 గంటకు సుమారు 61 వేల కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే వేగంతో మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ అంత దూరం పోవాలంటే 75 వేల ఏళ్లు పడుతుంది. అంత ప్రయాణం చేసి వచ్చినవాళ్లు అమెరికా ఎడారిలో ఒక గొడ్లచావిడి పక్కన కూలిపోయి పట్టుబడ్డారంటే నాకైతే జాలేస్తుంది.

మనుషులవి కాని వాహనాల్ని అమెరికా ప్రభుత్వం దాచిపెట్టిందని అక్కడి మాజీ ఇంటెలిజెన్స్ అధికారి డేవిడ్ గ్రష్ 2023 జులై 26న అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు చెప్పిందంతా అచ్చేశారు, సంతోషం. తాను కళ్లారా చూడలేదని, చూసినవాళ్లు తనకు చెప్పారని ఆయన అన్నది ఎక్కడ పోయింది? అదే ఏడాది సెప్టెంబరులో నాసా నిపుణుల బృందం, ఉన్న సమాచారం నాసిరకంగా ఉంది, దీంతో ఏదీ తేల్చలేమని చెప్పింది. 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ (పెంటగాన్) విభాగం 1945 నుంచి ఉన్న రికార్డులన్నీ తిరగేసి, గ్రహాంతర సాంకేతికతకు ఆధారం దొరకలేదని నివేదిక ఇచ్చింది. పెంటగాన్ మాట నమ్మాలని నేను చెప్పను, అది ఎవరిష్టం వాళ్లది. కానీ ఆ నివేదిక వచ్చిందన్న సంగతైనా పాఠకుడికి తెలియాలి కదా! చోటు లేదంటారా, మెక్సికో పార్లమెంటులో ఏలియన్‌దంటూ చూపించిన మూడువేళ్ల 'శవం' ఫొటోకి పావు పేజీ దొరికింది. అలాంటి బొమ్మల్నే లిమా విమానాశ్రయంలో పట్టుకుని పరీక్షించి, జంతువుల ఎముకలూ మనుషుల ఎముకలూ కలిపి జిగురుతో అతికించారని పెరూ నిపుణులు 2024 జనవరిలో చెప్పారు.

మన దేశం సంగతి రెండు లైన్లలో కానిచ్చేశారు. 2023 నవంబరులో ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో కనిపించి విమానాలు కొన్ని గంటలు ఆగిపోవడం, రఫేల్‌లు పైకి లేవడం, వాటికేమీ కనిపించకపోవడం రాశారు. బాగుంది. 2012-13లో లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు నెలల తరబడి చైనా డ్రోన్లనుకుని కాపలా కాసినవి శుక్రుడు, గురుడు అని అక్కడి హాన్లే వేధశాల ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి మాత్రం రాయలేదు. అది రాస్తే మజా పోతుందేమో.

ఇక మా వికారాబాద్ జిల్లా సంగతి. 2022 డిసెంబరు 7న మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఒక పెద్ద శకటం దిగింది. పొద్దున హైదరాబాద్‌లో మేడలెక్కి జనం చూసిన తెల్లటి గుండ్రటి వస్తువు దీన్ని మోసిన బెలూనే. ఊళ్లకు ఊళ్లు తరలి వచ్చాయి. ఫోన్లో ఏలియన్లు దిగారన్న మెసేజీలు, సెల్ఫీలు, పొలం తొక్కుడు. అసలు విషయం ఏమిటంటే, హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ పర్యాటకుల్ని బెలూన్‌తో పైకి తీసుకెళ్లే ఆలోచనతో చేసుకున్న పరీక్ష. ఎగిరింది హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర ఉన్న టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి. ఆ కేంద్రం దశాబ్దాలుగా బెలూన్లు ఎగరేస్తోంది. పరికరాలు ఫలానా జిల్లాల్లో పారాచూట్‌తో దిగవచ్చు, ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని సీజన్ ముందు ప్రకటన కూడా ఇస్తుంది. ఆ ప్రకటన జిల్లా కేంద్రం దాకా వస్తుందేమో, మండలానికి మాత్రం రాదు. నేను తర్వాత ఒక కార్యాలయంలో అడిగితే 'మాకేం కాగితం రాలేదు' అన్నారు, పక్క గదిలో అడగమన్నారు, పక్క గదికి తాళం. మిషన్ల పేర్లతో, పథకాల పేర్లతో దండోరా వేయించే యంత్రాంగానికి ఇది చెప్పడానికి నోరు రాదు. మీ పత్రికలో ఆ ప్రకటన ఏ టెండరు నోటీసు పక్కనో, భూతద్దం పెట్టి వెతికితే కనిపించేంత సైజులో వస్తుంది.

ఇంకో మాట. ప్రాణం భూమి బయటి నుంచి వచ్చి ఉండొచ్చా అన్న ప్రశ్నను నిజంగా పరీక్షించిన చోటు ఏదని మీ కథనం రాసినాయనకు తెలుసా? అదే బెలూన్ కేంద్రం. 2001 జనవరిలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ఆధ్వర్యంలో, ఇస్రో సహకారంతో జరిగిన ప్రయోగంలో 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నమూనాలు తెచ్చారు. క్రిములేవీ లేకుండా శుద్ధి చేసిన స్టీలు గొట్టాలు, వాటి చుట్టూ ద్రవ నియాన్. ఆ చలికి లోపలికి వచ్చిన గాలి వచ్చినట్టే గడ్డకట్టుకుపోతుంది. 2005లో మళ్లీ ఎగరేశారు. ఆ నమూనాల్లో దొరికిన సూక్ష్మజీవుల్ని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణెలోనూ విడివిడిగా పరీక్షించి, మూడు బాక్టీరియా జాతులు కొత్తవని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. అతినీలలోహిత కిరణాల్ని మామూలు వాటికన్నా ఎక్కువ తట్టుకున్నాయి. అంతా అయ్యాక కూడా, ఇవి భూమి బయటివని దీంతో రుజువైనట్టు కాదు అని వాళ్లే రాశారు. కష్టపడి వెతికినవాళ్లు అంత అణకువగా మాట్లాడితే, కుర్చీలోంచి లేవనివాళ్లు అయిదు చిరునామాలు ఇచ్చారు! 2025 మేలో నార్లికర్ పోయినప్పుడు మీరు ఆయనకిచ్చిన చోటెంతో పాత పేపర్లు తీసి చూసుకోండి. నేను చూశాను.

ఆకాశం చూసే అలవాటు మనకు లేనిదేం కాదు. హైదరాబాద్ నిజామియా వేధశాల లక్షల నక్షత్రాలకు లెక్కలు కట్టింది. రంగాపూర్‌లో 1968లో పెట్టిన 48 అంగుళాల దుర్బిణి ఏళ్ల తరబడి మూలనపడింది. దాని మీద రెండు పేజీలు వేయండి, అంతరిక్ష రహస్యం కన్నా పెద్ద రహస్యం అదే. మీ సైన్సు శీర్షిక తీసేసి ఆ చోట రాశిఫలాలు రెట్టింపు చేసినప్పుడే నేను రాయాల్సింది.

'రెండో భాగం త్వరలో' అని వేశారు. వేసుకోండి. చలికాలం బెలూన్ల సీజన్‌లో ఆ కేంద్రం ప్రకటన వచ్చినప్పుడు మాత్రం మా జిల్లా పేజీలో, కంటికి కనిపించే అక్షరాల్లో, ఏం దిగుతుందో బొమ్మతో సహా వేయండి. మా దగ్గర బస్టాండులో, పాల కేంద్రం గోడ మీద అతికించే పని నేను చూసుకుంటాను.

— పాత చందాదారు, వికారాబాద్ జిల్లా