బ్రాకెట్లు పోయిన పుస్తకాన్ని మీ చేతికివ్వలేను

ఫంక్, సోల్ అనే అమెరికన్ సంగీత శైలుల్లోని డ్రమ్ గ్రూవ్‌ల (పాటలో తిరిగి తిరిగి వచ్చే లయ వరసల) పుస్తకం కోసం ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్న మీకు ఉన్న సంగతి చెప్పాలి. పుస్తకం అచ్చయింది, బైండింగ్ కూడా పూర్తయింది, కట్టలు మా క్లాసు గదిలోనే ఉన్నాయి. అయినా వాటిని మీకు పంపడం లేదు. మొత్తం మళ్లీ అచ్చు వేయిస్తున్నాను. దసరా లోపు మీకు చేరుతుంది.

కారణం ఘోస్ట్ నోట్లు. డ్రమ్ సెట్‌లో పదునుగా పలికే స్నేర్ డ్రమ్ మీద పడే గట్టి దెబ్బల మధ్య ఎడమచేతి స్టిక్ తాకీ తాకనట్టు పలికించే చిన్న దెబ్బలు ఇవి. నొటేషన్‌లో, అంటే సంగీతాన్ని గుర్తులతో రాసేటప్పుడు, వీటిని బ్రాకెట్లలో రాస్తాం. ప్రెస్ నుంచి వచ్చిన ప్రతుల్లో బ్రాకెట్ అన్నదే లేదు. ప్రతి ఘోస్ట్ నోటూ నిండు దెబ్బగా అచ్చయింది. నేను సంతకం పెట్టిన ప్రూఫ్‌లో (అచ్చుకు ముందు సరిచూసే నమూనాలో) అన్నీ సరిగా ఉన్నాయి, ఆ కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ప్రూఫ్ తీసింది ఒక కంప్యూటర్‌లో, అచ్చు ప్లేట్లు చేసింది మరో కంప్యూటర్‌లో. రెండో దానిలో సంగీతం ఫాంట్ లేకపోవడంతో అది వేరే ఫాంట్‌తో సరిపెట్టేసింది. ప్రెస్ వారిని అడిగితే, "బ్రాకెట్లే కదండీ, నోట్లన్నీ ఉన్నాయి కదా" అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. పద్యంలో ఒత్తులు, దీర్ఘాలు తీసేసి, అక్షరాలన్నీ ఉన్నాయి కదా అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1967 పాట 'కోల్డ్ స్వెట్' తీసుకోండి. డ్రమ్స్ వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. మొదటి బార్‌లో (నాలుగు బీట్ల ఆవృత్తంలో) రెండో బీట్ మీద స్నేర్ మామూలుగానే పడుతుంది. నాలుగో బీట్ మీద కూడా పడుతుందని చెవి ఎదురుచూస్తుంది. పడదు. అర బీట్ ఆగి పడుతుంది. ఆ పాట నడకంతా ఆ ఆలస్యంలోనే ఉంది. చుట్టూ ఉన్న చిన్న దెబ్బలు చిన్నవిగా ఉన్నంతవరకే ఆ ఆలస్యం తెలుస్తుంది. అన్నీ ఒకే బలంతో వాయిస్తే ఏది బ్యాక్‌బీటో (లయను నిలబెట్టే గట్టి స్నేర్ దెబ్బో), ఏది మధ్యలో నింపేదో పోల్చుకోలేం. కొత్తగా నేర్చుకునేవారు అలాంటి పేజీ ముందు పెట్టుకుని సాధన చేస్తే చేతికి అదే అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడం ఎంత కష్టమో పాత విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

'ఫంకీ డ్రమ్మర్' పేజీ చూసినప్పుడైతే కడుపు తరుక్కుపోయింది. 1969 నవంబరులో సిన్సినాటిలో రికార్డు చేసిన జేమ్స్ బ్రౌన్ పాట అది, డ్రమ్స్ స్టబుల్‌ఫీల్డే. అందులో ఒకచోట తక్కిన వాద్యాలు ఆగిపోయి, దాదాపు 20 సెకన్లపాటు డ్రమ్స్ ఒక్కటే నడుస్తుంది. తర్వాతి కాలంలో ఆ ముక్కను వందలాది హిప్‌హాప్ పాటల్లో వాడుకున్నారు. పాట రాసినవారిగా స్టబుల్‌ఫీల్డ్ పేరు లేదు కాబట్టి ఆయనకు రావలసిన రాయల్టీ రాలేదు. 2017లో కన్నుమూశారు. ఆయన చేయి పలికించినదాన్ని ఉన్నదున్నట్టు రాయడమే నేను చూపగలిగిన గౌరవం. అందుకే సగం వేగంలో వింటూ ముందు కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మాత్రమే రాస్తాను, తర్వాత హై-హ్యాట్ (జంట తాళాలు), చివరగా స్నేర్ చిన్న దెబ్బలు. కొన్ని హై-హ్యాట్ చప్పుడు కింద దాక్కుంటాయి. అక్కడ ఊహించి రాయను. అదే వరస మళ్లీ వచ్చే బార్ దాకా ఆగి, స్పష్టంగా వినబడితేనే రాస్తాను. ఇప్పుడు యాప్‌లు క్షణాల్లో రాసిస్తున్నాయి కదా అని కొందరు అడిగారు. నేను పరీక్షించి చూసినవన్నీ సరిగ్గా ఈ దెబ్బల దగ్గరే తప్పాయి.

ఒక్క విభాగం మాత్రం చెక్కుచెదరలేదు. మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో వాయించిన అల్ జాక్సన్ జూనియర్ పేజీలు అవి. ఆయన వాయింపులో ఘోస్ట్ నోట్లు చాలా అరుదు. విల్సన్ పికెట్ 1965 పాట 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్'లో రెండు, నాలుగు బీట్ల మీది స్నేర్ వెంట్రుకవాసి వెనక పడుతుంది. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ అప్పటి కొత్త డాన్సు ఒకటి స్టూడియోలో ఆడి చూపించడంతో ఆ నడక పుట్టింది. ఆ వెంట్రుకవాసిని చూపే గుర్తు ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో లేదు. అందుకే ఆ పేజీ అడుగున దాన్ని మాటల్లో వివరించాను.

ప్రెస్ వారు బిల్లు సగానికి తగ్గిస్తామన్నారు, సవరణల కాగితం ఒకటి ఉచితంగా వేసిస్తామన్నారు. ఒప్పుకోవాలా వద్దా అని నిద్ర పట్టక కొట్టుకున్నాను. అచ్చుకు పెట్టిన డబ్బు క్లాసులో రెండో డ్రమ్ కిట్ కొనడానికి దాచింది. మా ఇంట్లోవారూ, తోటి డ్రమ్మర్లూ ఒప్పుకోమనే చెప్పారు. చివరికి సవరణల కాగితం ఎలా ఉంటుందో చూద్దామని, టవర్ ఆఫ్ పవర్ బ్యాండ్ 1973లో చేసిన 'సోల్ వ్యాక్సినేషన్' పేజీకి నేనే రాయడం మొదలుపెట్టాను. ఆ బ్యాండ్ డ్రమ్మర్ డేవిడ్ గారిబాల్డి ఎడమచేయి క్షణం ఊరుకోదు. ఎన్నో బార్, ఎన్నో నోటు అని రాసుకుంటూ పోతే సవరణ అసలు పేజీకన్నా పెద్దదైంది. ఆ కాగితం చింపేసి, మళ్లీ అచ్చు వేయించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. మొండితనం అంటే అననీయండి. నా పేరు వేసుకున్న పుస్తకం చూసి ఎవరూ స్టబుల్‌ఫీల్డ్‌ను తప్పుగా వాయించకూడదు.

ఈసారి వేరే ప్రెస్‌కు ఇస్తున్నాను. ఫాంటు మీద ఆధారపడకుండా ప్రతి పేజీని బొమ్మగా మార్చి ఇస్తున్నాను. మొదటి ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల షీటు) మిషన్ మీదకు ఎక్కినప్పుడు పక్కనే నిలబడతాను. నేను సరే అనేదాకా రెండోది ఎక్కదు.

ధర పెరగదు. ఆగలేనివారు ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి, కట్టిన డబ్బు మొత్తం తిరిగి పంపుతాను, నొచ్చుకోను. ఉంటామన్నవారికి 'కోల్డ్ స్వెట్', అరీతా ఫ్రాంక్లిన్ 'రాక్ స్టెడీ' పేజీలు ఈ వారమే ఫైలుగా పంపుతున్నాను. రెండోది బెర్నార్డ్ పర్డీ వాయించినది. హై-హ్యాట్ మీద దృష్టి పెట్టండి. తరగతులు ఎప్పటిలాగే జరుగుతాయి.

పొరపాటు బయటపడకముందే క్లాసులో ప్రతి తీసుకున్నవారు దాన్ని నాకు తెచ్చివ్వండి. కొరియర్‌లో పంపేవారి ఖర్చు నాదే. ఈలోగా అల్ జాక్సన్ పేజీలు నిశ్చింతగా సాధన చేయవచ్చు. మిగతా పేజీలను చూసి మాత్రం వాయించకండి.