ఒంటిపూట బడి వదిలాక మా పిల్లలు ఎక్కడికి పోవాలి?

గౌరవనీయులైన నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను మన జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పిల్లలకు పీఈటీ సార్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇంకా ఆగితే రాసినా లాభం ఉండదని ఇప్పుడే రాస్తున్నాను.

పిల్లలకు ఎండ తగలకూడదనే ఒంటిపూట బడి పెట్టారు. మంచిదే. కానీ పన్నెండున్నరకు గంట కొట్టి, అన్నం తిని గేటు దాటాక వాళ్లు ఎక్కడికి పోతున్నారో ఒక్కరోజు మా ఊరికి వచ్చి చూడండి. అమ్మానాన్నలు కూలికి పోయి ఉంటారు. రేకుల ఇంట్లో ఆ వేళకు పెద్దవాళ్లే ఉండలేరు. ఊరి మొత్తంలో చల్లగా ఉండే చోటు ఒక్కటే, కాల్వ.

పోయిన ఎండాకాలం మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ కాల్వలో పోయాడు. మా కబడ్డీ టీంలో రైడర్ వాడు. నలుగురు కలిసి దిగారు, ముగ్గురు బయటికి వచ్చారు. నాకు ఫోన్ వచ్చి నేను ఉరికేసరికి గట్టు మీద నాలుగు జతల చెప్పులు, మడతపెట్టిన నాలుగు చొక్కాలు ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో చొక్కా మీద ఒక్కో రాయి పెట్టుకున్నారు. మూడు చొక్కాలు ఎప్పుడు తీశారో తెలియదు. నాలుగోది మాత్రం చీకటి పడేదాకా రాయి కింద అట్లనే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

కలెక్టర్ గారూ, వాడికి ఈత రాదనుకునేరు. వచ్చు. వాళ్ల తాత బాయిలో నేర్చుకున్నాడు. బాయి నీళ్లు నిలకడగా ఉంటాయి, పట్టుకోవడానికి రాయో మెట్టో దొరుకుతుంది. కాల్వ అట్ల కాదు. పైకి చూస్తే నిదానంగా పోతున్నట్టే ఉంటుంది, నడుములోతు దిగితే కాళ్లు లాగేస్తుంది. రెండు పక్కలా సిమెంటు లైనింగ్, దాని మీద పాచి. ఈదుకుంటూ ఒడ్డు దాకా రావచ్చు, కానీ పైకి ఎక్కలేడు. చేయి వేసిన ప్రతిసారీ జారుతుంది. అట్ల జారీ జారీ అలసిపోయి మునుగుతారు. మిగతా ముగ్గురూ బతికింది కూడా, అటుగా బర్లు తోలుకొచ్చిన ఒక పెద్దమనిషి తలగుడ్డ విప్పి అందించబట్టే. మర్నాడు నేను ఆ చోటు నుంచి దిగువకు నడిచి చూశాను. మెట్లున్న రేవు రావడానికి మూడు వందల పైచిలుకు అడుగులు పట్టింది.

వారం తిరగకముందే అక్కడ బోర్డు పెట్టారు. 'ఇచ్చట ఈత కొట్టుట ప్రమాదకరం' అని. ఈ సంవత్సరం అదే బోర్డుకు చొక్కాలు తగిలించి నీళ్లలోకి దిగుతున్న పిల్లల్ని నేను కళ్లారా చూశాను. అరిచి బయటికి పిలిచాను. నేను వెనక్కి తిరగ్గానే మళ్లీ దిగి ఉంటారు. నాకు తెలుసు.

నీళ్ల జోలికి పోవద్దని చెబితే ఈ ఎండల్లో ఏ పిల్లవాడూ వినడు. వాళ్లకు దిగే చోటు మనమే చూపించాలి, ఈత మనమే నేర్పించాలి. నా విన్నపం అదే.

మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా. కృష్ణా నీళ్లు కావాలని మా పెద్దలు ఎన్నేళ్లు కొట్లాడారో మీ ఆఫీసు ఫైళ్లే చెబుతాయి. నాగార్జున సాగర్ వెనుక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరుకు, పానగల్లు ఉదయ సముద్రం చెరువుకు వచ్చాకే మా ఊళ్లలో వరి కనపడింది. అంత ఆశపడి తెచ్చుకున్న నీళ్లను చూసి భయపడమని నా పిల్లలకు చెప్పలేను.

నా చిన్నప్పుడు మా నాయన నడుముకు బెండ్లు కట్టి నన్ను మోటబాయిలోకి దింపాడు. తాడు ఒక కొస నా చంకల కింద, ఇంకో కొస ఆయన చేతిలో. పది రోజుల్లో బెండ్లు ఒక్కొక్కటే తీసేశాడు. ఊరి పిల్లలందరికీ ఎవరో ఒకరు అట్ల నేర్పేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ బాయిలు పూడిపోయాయి, కొన్ని కంపచెట్లు మొలిచి పాడుబడ్డాయి. నేర్పే పెద్దలకు తీరిక లేదు. పిల్లలకు మాత్రం నీళ్ల మీద మోజు అంతే ఉంది. ఇప్పుడు ఒకడు లారీ ట్యూబు పట్టుకొస్తే పదిమంది దాని వెంట పడుతున్నారు.

స్విమ్మింగ్ పూల్ కట్టమని నేను అడగడం లేదు. కట్టినా అది టౌన్‌లో ఉంటుంది, మా పిల్లలకు అందదు. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లోనే వెదురు బొంగులతో మంచెలు కట్టి వేల మంది పిల్లలకు ఈత నేర్పించారు. మనకూ చెరువులు ఉన్నాయి. నేర్పే మనుషులు కూడా ఉన్నారు. దాదాపు ప్రతి పెద్ద చెరువుకూ ఒక మత్స్య సహకార సంఘం ఉంది. ఆ సంఘాల్లో పుట్టినప్పటి నుంచి నీళ్లలోనే పెరిగిన ముదిరాజులు, గంగపుత్రులు ఉన్నారు. మండలానికి ఒక చెరువులో ఛాతీలోతు దాటని చోట నాలుగు పక్కలా బొంగులు పాతి, తాళ్లు కట్టి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇద్దరు ఈతగాళ్లను కూలి ఇచ్చి పెట్టండి. ఆడపిల్లలకు వేరే టైం, నేర్పడానికి ఆడవాళ్లు ఉండాలి. వాళ్లకూ ఈత అవసరమే. బట్టలు ఉతకడానికి, బతుకమ్మ వేయడానికి నీళ్లలోకి దిగేది ఎక్కువగా వాళ్లే. మా పీఈటీలం పొద్దున పూట వచ్చి నిలబడతాం. దీనికి మాకు వేరే జీతం అక్కర్లేదు.

చెరువు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఇది అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఎండాకాలం చెరువులు ఎండగానే జేసీబీలు దిగుతున్నాయి. ఇటుక బట్టీలకు, ప్లాట్లలో పోయడానికి రాత్రిపూట మట్టి తవ్వుకుపోతున్నారు. పొలాలకు ఒండ్రు తీస్తే చెరువంతా సమంగా తీస్తారు. వీళ్లు దొరికిన చోటల్లా నిలువునా, రెండు నిలువుల లోతు తవ్వి వదిలేస్తున్నారు. వానలు పడి నీళ్లు నిండాక పైకి అంతా ఒక్కటే మట్టం. నేను మా ఊరి చెరువులో యాభై ఏళ్లుగా దిగుతున్నాను, ఏ దరి ఎంత లోతో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పలేను. మోకాలులోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగు ముందుకు వేస్తే మనిషి మాయమయ్యే గుంతలు ఉన్నాయి. చెరువుల్లో నీళ్లు లేనప్పుడే, అంటే ఈ నెలా వచ్చే నెలా, పంచాయతీ కార్యదర్శులతో ఆ గుంతలన్నీ గుర్తింపచేయండి. పూడ్చగలిగినవి పూడ్చండి. మిగతావాటి చుట్టూ పొడవాటి గుంజలు పాతి ఎర్రగుడ్డ కట్టించండి. జూలై దాటితే అవి ఎవరికీ కనపడవు.

కాల్వల విషయంలో నేను అడిగేది చిన్నదే. ఊరు తగిలే ప్రతిచోటా మెట్లు కట్టించండి. మెట్లకు డబ్బు లేకపోతే రెండు గట్లకూ కడ్డీలు దిగ్గొట్టి నీళ్లలోకి గొలుసు వేలాడదీయండి, పట్టుకుని ఎక్కడానికి. తూములు, నీళ్లు భూమి కిందికి దూరే సైఫన్ల దగ్గర జాలీ బిగించండి. నీళ్లు వదిలే ముందు రోజు పంచాయతీ మైకులో చెప్పించండి. ఎండిన కాల్వలో ఆడుకునే పిల్లలు ఉంటారు, బర్లు ఉంటాయి.

ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన కేసులు మన దగ్గర ఎన్నో. తండ్రి కోసం కొడుకు, తమ్ముడి కోసం అక్క. మునుగుతున్న మనిషి దొరికినవాళ్లను గట్టిగా పట్టేసి తనతో పాటే ముంచుతాడు. అందుకే దూకొద్దు, ఏదైనా అందించాలి. చీర, తువ్వాల, పొడవాటి కట్టె, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, ఏది దొరికితే అది. కాల్వ రేవుల దగ్గర తాడు కట్టిన ఒక ఖాళీ క్యాన్ వేలాడదీస్తే అయ్యే ఖర్చు ఎక్కువేమీ ఉండదు.

బయటికి తీశాక చేసే పొరపాటు ఇంకా బాధ. మా పిల్లవాణ్ని తీసిన వెంటనే బోర్లా వేసి పొట్ట నొక్కారు, తర్వాత భుజాన వేసుకుని తిప్పారు. కడుపులో నీళ్లు కక్కిస్తే బతుకుతాడని అందరి నమ్మకం. పది నిమిషాలు అట్లనే పోయాయి. అప్పటికి వాడికి కావాల్సింది ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో ముప్పై సార్లు గట్టిగా వేగంగా నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. నాకు ఇది అప్పుడు తెలియదు. మా పిల్లలకు వ్యాయామం చెప్పే నాకే తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. తర్వాత సొంతంగా పోయి నేర్చుకున్నాను. ప్రతి హైస్కూల్లో తొమ్మిదో తరగతి నుంచి, ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్తతో పాటు పదిమంది యువకులకు ఇది బొమ్మ మీద చేయించి నేర్పించండి. కాగితం మీద చదివితే చేతికి రాదు.

ఎండ గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. 2015 మే నెలలో వడదెబ్బకు మన జిల్లా ఎంతమందిని పోగొట్టుకుందో ఇక్కడివాళ్లు మరిచిపోలేరు. పని చోట నీడ, తాగునీళ్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాలని ఉపాధి హామీ చట్టంలోనే రాసి ఉంది. మా ఊరి పని దగ్గర నేను చూసిన నీడ ఒక తుమ్మచెట్టుది. పని పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టి పది గంటలకు ఆపేలా చూడండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోయినా పర్వాలేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా, కలిపి తాగించవచ్చని మేస్త్రీలకు చెప్పించండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, మనిషి తిక్కతిక్కగా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. వేసవి క్రీడా శిబిరాలు కూడా పొద్దున ఎనిమిదికి ముగించాలని, సాయంత్రం ఐదున్నర దాటాకే మళ్లీ పెట్టాలని ఆర్డర్ ఇవ్వండి. ఎండలో గ్రౌండ్‌కు దించితేనే ఆట వస్తుందనే మాట తప్పు. నేనూ ఒకప్పుడు అట్లనే అనుకున్నాను.

మృగశిర కార్తె రాగానే చెప్పే జాగ్రత్తలు మారాలి. పత్తి గింజలు పెట్టే రోజుల్లోనే పిడుగులు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు. అప్పుడు వేపచెట్టు కింద గుమిగూడితే అందరూ ఒకేసారి పోతారు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఫోన్లో ఉన్న పిల్లవాడు ఊరికి పదిమంది ఉంటారు, చేలో ఉన్న అమ్మకు ఉండదు. ఆ హెచ్చరిక మైకులోకి రావాలి. పాముకాటుకు విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో ప్రతి పంచాయతీ గోడ మీద రాయించండి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా సరిగ్గా తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. మంత్రగాడి దగ్గర గంట పోతే ఆ గంట తిరిగి రాదు. డెంగీ గురించి మా బడిలో శుక్రవారం డ్రై డే నడుస్తోంది, తొట్లు కడుగుతున్నాం. దాని మీద ఎక్కువ రాయను.

ఇక ఆగస్టులో సాగర్‌కు నీళ్లు వచ్చి 590 అడుగుల నిండు మట్టం దగ్గరికి చేరితే గేట్లు ఎత్తుతారు. ఇరవై ఆరు గేట్ల నుంచి తెల్లగా దుమికే నీళ్లను చూడాలని నాకూ ఉంటుంది, మా పిల్లల్ని ఒకసారి బస్సులో తీసుకుపోయాను. కానీ దిగువన బండల మీద ఫొటోలకు నిలబడేవాళ్లకు, పైన ఇంకో గేటు ఎత్తితే నీళ్లు ఎంత తొందరగా పెరుగుతాయో తెలియదు. సైరన్ ఒక్కటే చాలదు. ఆ సీజన్ మొత్తం రేవుల దగ్గర లైఫ్ జాకెట్లతో ఈతగాళ్లు కనపడాలి.

ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఏడు వారాలు పిల్లలు మా చేతుల్లో ఉండరు. మా మండలంలో బొంగులు, తాళ్లు పెట్టడానికి పనికొచ్చే చెరువును నేను, ఇద్దరు మత్స్యకారులు కలిసి చూసి పెట్టాం. దక్షిణం దరిలో లోతు కట్టెతో కొలిచి కాగితం మీద గీశాం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్‌కు వస్తాను. అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజున వరుసలో నిలబడమన్నా నిలబడతాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా