ట్రైలరు ఊగిన రోజు గురించి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి మీ అబ్బాయి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరు, అమ్మ కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ట్రైలరు ఊగిన విషయం మీకు చేరవేసినందుకు చెల్లిని ఏమీ అనకండి. దానికి చెప్పినదీ నేనే, మీకు చెప్పవద్దన్నదీ నేనే కాబట్టి తప్పు నాదే. ఫోనులో మీరు "ఆ పని మానెయ్యి" అని ఒక్క మాట అని అమ్మ చేతికి ఇచ్చేశారు. అప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు. ముప్ఫై ఏళ్లు లోడు బండి నడిపిన మీకు, జరిగినదంతా పూసగుచ్చినట్టు రాస్తే నేను ఎక్కడ తప్పానో, ఇప్పుడు ఏ జాగ్రత్తలో ఉన్నానో నాకంటే మీకే బాగా తెలుస్తుందన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

పని ఎప్పటిలాగే ఉంది. పికప్ బండికి ట్రైలరు తగిలించి, చిన్న ప్రొక్లెయినరును పొద్దున పనిచోటికి చేర్చడం, సాయంత్రం తిరిగి తేవడం, అంతే.

ఆ రోజు యంత్రాన్ని ట్రైలరు మీదికి ఎక్కించినప్పుడు ముందున్న పనిముట్ల పెట్టెకు తగులుతుందేమోనని రెండడుగులు వెనుకే ఆపేశాను. ముప్పంతా ఆ రెండడుగుల్లోనే ఉంది. వాలు రోడ్డులో మా వేగం గంటకు 95 కిలోమీటర్లు దాటిన సమయంలో ఒక పెద్ద లారీ పక్కనుంచి వెళ్లింది, దాని గాలి ఊపుకు ట్రైలరు ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలి, మూడో ఊపుకు బండి వెనుక భాగాన్నే పట్టుకొని ఈడ్వసాగింది. కాలు బ్రేకు మీదికి పోబోయింది కాని ఆపుకున్నాను. అటువంటప్పుడు బండి బ్రేకు గట్టిగా తొక్కితే ముందు బండి నిదానిస్తుంది గాని వెనుక బరువు దూసుకువచ్చి రెండూ మధ్యలో మడతపడతాయి, వేగం పెంచితే ఊపు మరింత పెరుగుతుంది, స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచేయబోతే ఆ ఊపుకు మనమే చేయూత ఇచ్చినట్టవుతుంది. ట్రైలరు చక్రాలకు మాత్రమే బ్రేకు వేసే చిన్న మీట ఒకటి స్టీరింగు పక్కనే ఉంటుంది. కాలు యాక్సిలరేటర్ మీదినుంచి తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకొని, ఆ మీటను చేత్తో మెల్లగా నొక్కాను. వెనుక చక్రాలు పట్టుకోగానే, బిగించి లాగిన మోకులాగా ట్రైలరు తిన్నబడింది. రోడ్డు పక్కన ఆపి దిగాక చాలాసేపు నా చేతులు వణికాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, మరో బండికి గీత కూడా పడలేదు. ఇందులో మీ దగ్గర దాచినది ఏమీ లేదు.

తాతయ్య బండి తోలేటప్పుడు బస్తాలు వెనుకకు పడితే కాడి పైకి లేస్తుందని, ముందుకు పడితే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయని మీరు చెప్పేవారు. ట్రైలరుకు కూడా సరిగ్గా అదే లెక్క, కాని నేను దానిని ఆ రోజు వరకు మాటగానే విన్నాను. ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు బండి వెనుక ట్రైలరును తగిలించే ఇనుప గుండు మీద పడాలి. అంతకంటే తక్కువ పడితే ట్రైలరు తోక ఝాడించినట్టు ఊగుతుంది. మరీ ఎక్కువ పడితే బండి వెనుక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగూ బ్రేకూ రెండూ పట్టు తప్పుతాయి. సరుకు బరువులో నూటికి ఇంచుమించు 60 వంతులు ట్రైలరు ఇరుసులకు ముందువైపు, తక్కినది వెనుకవైపు ఉండాలన్నది ఇక్కడివారు పాటించే కొలత. ఆ మర్నాడే పనిముట్ల పెట్టెను తీయించి వేరేచోట పెట్టించాను, యంత్రం ఆగవలసిన చోట ట్రైలరు చెక్కల మీద తెల్ల రంగుతో గీత గీశాను. ఇప్పుడు ఎవరు ఎక్కించినా ఆ గీత మీదే ఆపాలి.

మరుసటి వారం కాటాకు తీసుకువెళ్లాను. మొదట బండి ఒక్కదాన్నే, తరువాత ట్రైలరు తగిలించి బండి ఇరుసులను మాత్రమే తూకం వేస్తే, ఆ రెండింటి తేడాయే గుండు మీద పడుతున్న బరువు. ట్రైలరు 900 కిలోలు, యంత్రం 1,700 కిలోలు, కలిసి 2,600. గుండు మీద 330 కిలోలు పడుతున్నాయి, అంటే నూటికి 12 పైచిలుకు. ఆ అంకె చూసిన రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

బావ ఈ బండి ఫొటో చూసి, ఏనుగులా ఉంది, ఎంతైనా లాగుతుందన్నాడు. దయచేసి అతనికి ఈ ముక్క చదివి వినిపించండి. కంపెనీవారు ఈ బండి 4,000 కిలోలు లాగుతుందని చెప్పిన మాట నిజమే. కాని డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది, మనుషులు, సామాను కలిసి ఈ బండిలో 700 కిలోలకు మించకూడదని దాని మీద రాసి ఉంది. గుండు మీద పడే బరువు కూడా ఆ 700లోనే చేరుతుంది. మా లెక్కలో గుండు మీద 330, నేనూ సహాయకుడూ కలిసి 155, బండి వెనుక తొట్టిలో పనిముట్లు 120, మొత్తం 605 కిలోలు. ఇంక మిగిలినది 95 మాత్రమే. నిజంగా 4,000 కిలోల ట్రైలరు తగిలిస్తే గుండు మీదనే 400 నుంచి 600 వరకు పడుతుంది, అప్పుడు మనుషులను దింపాలో పనిముట్లను దింపాలో తేల్చుకోవాలి. ఇంజనుకు బలం ఉన్నంత మాత్రాన ఇరుసుకు, టైర్లకు, కమాన్ కట్టలకు, బ్రేకులకు కూడా అంత బలం ఉండదు. మా యజమాని ఒకసారి ఇంకొక సిమెంటు పలక కూడా తొట్టిలో వేసుకుపొమ్మంటే, చీటీ చూపించి రెండో విడతగా తెస్తానన్నాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోయినా నేను వేసుకువెళ్లేవాణ్ని కాదు, మీరు దీనిని నమ్మాలి.

తగిలించేటప్పుడు తొందరపడుతున్నావా అని మీరు అడిగారు. పడటం లేదు. గుండ్లు రకరకాల కొలతల్లో వస్తాయి. 2 అంగుళాల గుండుకూ, దానికంటే అంగుళంలో మూడో వంతు కూడా పెద్దది కాని మరో గుండుకూ కంటికి తేడా తెలియదు. గుండు మీద బోర్లించేది ట్రైలరు ముక్కున ఉండే గిన్నె. చిన్న గుండు మీద పెద్ద గిన్నె కూర్చున్నట్టే కూర్చుని, గతుకు రాగానే ఊడివస్తుంది. అందుకని గుండు మీద చెక్కిన కొలతను, ట్రైలరు గిన్నె మీది కొలతను రెండింటినీ చదువుతాను. గొళ్లెం వేసి, దాని మీద మేకు బిగించాక, ట్రైలరు ముందుకాలు జాకీని పైకి తిప్పి చూస్తాను. గొళ్లెం సరిగ్గా పట్టి ఉంటే బండి వెనుక భాగం కూడా దానితోపాటు పైకి లేస్తుంది, లేవకపోతే మళ్లీ మొదటినుంచి తగిలిస్తాను. ట్రైలరును బండికి కట్టే గొలుసులు రెండింటినీ దాని ముక్కు కిందుగా ఒకదానికొకటి అడ్డంగా మార్చి కడతాం. గుండు ఊడినా ట్రైలరు ముక్కు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసులు దానిని ఉయ్యాలలా పట్టుకుంటాయి. ఇంకొక సన్నని తీగ ఉంటుంది. బండీ ట్రైలరూ విడిపోతే ఆ తీగ లాగబడి, ట్రైలరులోని బ్యాటరీ దాని బ్రేకులను తానే వేస్తుంది. దానిని గొలుసుకు కాకుండా బండికే విడిగా తగిలించాలి. ఆఖరున దీపాలు. సహాయకుడు వెనుక నిలబడి కుడి, ఎడమ, బ్రేకు అని చెప్పేవరకు నేను బండి తీయను.

యంత్రాన్ని నాలుగు మూలలా గొలుసులతో కట్టి, దాని బొచ్చెను కిందికి దించి విడిగా మరో గొలుసు వేస్తాం. కట్టిన గొలుసులన్నీ కలిసి మోయగల బరువు సరుకు బరువులో కనీసం సగం ఉండాలని ఇక్కడి నిబంధన. నేను అంతకంటే ఎక్కువే వేస్తాను. తొట్టిలో వేసే సరుకు తక్కువైనా మోకు వేయకుండా కదలను. బరువైనవి కేబిన్ గోడకు ఆనించి అడుగున, తేలికవి వాటి పైన. గాలికి లేచే పట్టాను, ఖాళీ సంచులను కూడా వదలను, ఎందుకంటే వెనుక వచ్చేవాడి అద్దం మీద పడితే వాడికి కళ్లు మూసినట్టే.

ఇక్కడ ఒక్క విషయంలో మీరు బాగా గుర్తుకు వస్తారు. ట్రైలరును వెనక్కి తీయడం మీకు తెలిసిన లారీని వెనక్కి తీయడంలా ఉండదు, స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది. మొదటి నెలలో నేను దానితో చాలా అవస్థపడ్డాను. ఒక పెద్దాయన చెప్పిన చిట్కాతో దారికి వచ్చింది: చేతిని స్టీరింగు అడుగు భాగాన పెట్టుకుంటే, ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటే జరిపితే చాలు. కొంచెం కొంచెమే తిప్పాలి, వంకర ఎక్కువైతే పంతం పట్టకుండా ముందుకు పోయి తిన్నగా చేసుకొని మళ్లీ రావాలి. అనుమానం వస్తే దిగి చూస్తాను, ఎన్నిసార్లయినా. సహాయకుడు మంచివాడే, చేతి సైగలు బాగా చేస్తాడు, అద్దంలో అతను కనపడకపోతే ఆపేయాలని ఇద్దరం అనుకున్నాం. కాని మీ బండికి మన క్లీనరు బాడీ మీద అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ, ఇంకొంచెం రానీ" అని, చివరికి రెండు దెబ్బలు కొట్టి ఆపించేవాడే, ఆ చప్పుడు లేకుండా వెనక్కి తీయడం ఇప్పటికీ నాకు వెలితిగానే ఉంటుంది. చిన్నప్పుడు మీ పక్క సీటులో కూర్చుని ఆ దెబ్బలు లెక్కపెట్టుకునేవాణ్ని.

టైర్ల సంగతి. ట్రైలరు టైర్లలో కొన్నింటికి గంటకు 105 కిలోమీటర్లే హద్దు, నేను ఆ సంఘటన తరువాత 90 దాటడం లేదు. గాలి పొద్దున బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉండగా చూస్తాను. చక్రం విప్పి బిగించినప్పుడల్లా 80 కిలోమీటర్లు నడిచాక నట్లకు మళ్లీ పానా పెడతాను. మలుపులో ట్రైలరు చక్రాలు లోపలివైపు కోసుకుంటూ వస్తాయి కాబట్టి వెడల్పుగా తిప్పుతాను. ముందు బండికీ నాకూ మధ్య ఖాళీ బాగా వదులుతాను. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరితే కోపగించుకోకుండా మళ్లీ వెనక్కి తగ్గుతాను. అమ్మ అడిగిన మంచు రోజుల్లో ట్రైలరు తీయడం లేదు, ఆమెకు ఇది తప్పక చెప్పండి.

ఎక్కిన గేరులోనే దిగాలని మీరు ఘాట్‌ రోడ్డులో చెప్పిన మాటను నేను ఇక్కడ రోజూ పాటిస్తున్నాను. ఈ బండి గేర్లు వాటంతటవే మారతాయి గాని, బరువు లాగేటప్పుడు నొక్కవలసిన మీట ఒకటి ఉంది. అది నొక్కితే బండి చిన్న గేరులోనే ఉండి, దిగుడులో ఇంజనే పట్టి ఆపుతుంది. దిగుడు మొదలయ్యేలోపే వేగం తగ్గించుకుంటాను. బ్రేకు మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గాక వదిలి, చల్లారనిస్తాను. కాలిన వాసన వస్తే ఆగడమే.

మానెయ్యమన్న మాటకు జవాబు నేను ఇప్పుడే ఇవ్వలేను. ఇదంతా చదివాక కూడా మీకు అదే అనిపిస్తే రాయండి, ఆలోచిస్తాను. దానితోపాటు ఇంకొకటి కూడా రాయండి. మొదటి మజిలీలో దిగి ట్రైలరు చక్రాల హబ్బుల మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను, బేరింగు పాడైతే తక్కినవాటికంటే అది వేడెక్కుతుందని. నిన్న ఎడమవైపు వెనుకది తక్కిన మూడింటికంటే కొంచెం వేడిగా ఉన్నట్టు తోచింది, శనివారం విప్పించి చూపిస్తున్నాను, అంతవరకు ట్రైలరును బయటికి తీయను. మీరు లారీ హబ్బు మీద అరచెయ్యి పెట్టి మనసులో ఏదో లెక్కపెట్టేవారు కదా, ఎంతవరకు లెక్కపెట్టగలిగితే ఫరవాలేదనేవారు?

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమారుడు