మొదటి మోతాదుకు ముందు ఒక రక్త నమూనా: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

నేను స్పైనల్ మస్కులర్ అట్రోఫీ, అంటే ఎస్ఎంఏ, రెండో రకం ఉన్న తొమ్మిదేళ్ల అమ్మాయికి తండ్రిని. వెన్నుపాములోని నరకణాలు దెబ్బతిని కండరాల బలం తగ్గిపోయే జన్యువ్యాధి ఇది. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. హైదరాబాద్‌కు చెందిన మందుల కంపెనీ నాట్కో, ఎస్ఎంఏకు వాడే రిస్‌డిప్లామ్ అనే మందుకు చవకైన జనరిక్‌ను 2025లో తెచ్చాక అది మరికొందరికి అందుబాటులోకి వచ్చింది. అయితే వేసిన మందు ఏ మేరకు పనిచేస్తున్నదో తెలుసుకునే ఏర్పాటు మాత్రం ఇంకా సరిగా లేదు.

ప్రస్తుతం ప్రధాన ఆధారం ఫిజియోథెరపిస్టు వేసే మార్కులే. పిల్లల కదలికలను కొలిచే హామర్‌స్మిత్ స్కేలులో 33 అంశాలకు కలిపి 66 మార్కులుంటాయి. కిందటిసారి మా అమ్మాయికి రెండు మార్కులు తగ్గాయి. అప్పుడే జ్వరం నుంచి తేరుకున్న పిల్ల, పైగా ఆ ఏడాది పొడుగు సాగి వెన్ను వంపు ఎక్కువైంది; మందు తప్పా, వెన్ను తప్పా అన్నది ఆ అంకె చెప్పలేదు. అదే నెలలో, ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకునే మంచినీళ్ల గ్లాసును ఒంటి చేత్తో నోటిదాకా తీసుకెళ్లింది. దానికి ఆ స్కేలులో గడి లేదు. మందు లేని పిల్లల్లో బలం ఏళ్ల తరబడి మెల్లగా జారిపోతుంది గనుక, మార్కులు నిలకడగా ఉండటం కూడా మందు చలవే కావచ్చు.

అందుకే శరీరం లోపలి నుంచి వచ్చే సూచికలు కావాలి. నరకణాలు దెబ్బతిన్నప్పుడు న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్ వెన్నుద్రవంలోకి, రక్తంలోకి చేరుతుంది. ఎస్ఎంఏకే వాడే నుసినెర్సెన్ అనే మరో మందు తీసుకున్న పసిపిల్లల్లో అది కొద్ది నెలల్లోనే బాగా పడిపోయిందని అధ్యయనాల్లో తేలింది. మా అమ్మాయి వయసు పిల్లల్లో మాత్రం దాని వల్ల తెలిసేది తక్కువ. వారికి నరాన్ని కరెంటుతో ప్రేరేపించి కండరం స్పందనను కొలిచే పరీక్ష, కండరాల నుంచి రక్తంలోకి చేరే క్రియాటినిన్‌ను కొలిచే పరీక్ష అక్కరకొస్తాయి. క్రియాటినిన్ 0.2 అని చూసి ల్యాబ్‌లో ఒకాయన "కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయండీ" అన్నాడు. అది కండ తక్కువై తగ్గిన అంకె అని నాకు అప్పటికి తెలియదు. ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా చేసే ఈ చవక పరీక్షను ఏళ్ల తరబడి వరుసగా నమోదు చేస్తే కండ నిలుస్తున్నదో కరుగుతున్నదో కొంత తెలుస్తుంది.

ఏ సూచికకైనా మొదటి అంకె లేనిదే పోలిక లేదు. మా అమ్మాయికి తొలి మోతాదు పట్టించిన ముందురోజు ఎవరూ రక్తం తీయలేదు.

కాబట్టి హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి సహా అరుదైన వ్యాధుల చికిత్సకు గుర్తించిన అన్ని సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్‌లోనూ తొలి మోతాదుకు ముందు రక్త నమూనా తీసి భద్రపరచడం, ఆరు నెలలకొకసారి అవే పరీక్షలు చేయించడం తప్పనిసరి చేయాలని, అందుకయ్యే ఖర్చును ఆ 50 లక్షల్లోంచి కోయకుండా విడిగా భరించాలని కోరుతున్నాను. ఈ సూచికలేవీ ఒంటరిగా తీర్పు చెప్పగలిగినంత పక్వానికి ఇంకా రాలేదు గనుక, ఒక్క అంకెను చూపి ఏ బిడ్డకూ మందు ఆపరాదన్న మాటను కూడా అదే ఉత్తర్వులో చేర్చవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఎస్ఎంఏ ఉన్న ఒక బిడ్డ తండ్రి