డిగ్రీ ఉంది, ఒడియా సర్టిఫికెట్ ఏది?

సంపాదకుల వారికి,

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడలలో చదివి పైకొచ్చిన తెలుగు పట్టభద్రుల సన్మానాల వార్తలు మీ జిల్లా పేజీలో చూస్తున్నాం. బరంపురం ఖల్లికోట కాలేజీ విద్యార్థి వి.వి.గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారని చెప్పని వక్త ఉండడు. మంచిదే. ప్రభుత్వ సర్వీసు కోరే ఇప్పటి పిల్లలకు అడ్డం పడుతున్న కాగితాల సంగతి మాత్రం ఏ సభలోనూ వినపడదు.

ఒడిశా సివిల్ సర్వీసుకు డిగ్రీ ఒక్కటే చాలదు. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చని రుజువు చూపాలి. ఏడో తరగతిలోనో ఆపైనో ఒడియా ఒక భాషగా పాసైతే సరిపోతుంది. సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వెళ్లి తెలుగు మీడియంలో చదివినవాళ్ల దగ్గర అది ఉండదు. వాళ్లు ఎం.ఇ. (మిడిల్ ఇంగ్లిష్ స్కూల్) స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వాలి. బజార్లో గడగడా మాట్లాడే ఒడియా అక్కడ చెల్లదు. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే ఆ పరీక్ష అందదు, డిగ్రీ మొదటి ఏడాదిలోనే రాసేయాలి.

యూపీఎస్సీలో చిక్కు వేరు. మెయిన్స్‌లో భారతీయ భాష పేపరుకు 300 మార్కులు. అందులో 75 రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. ఇంట్లో తెలుగే కదా అని తెలుగు పెట్టుకుంటారు. వ్యాసానికి 100, సంక్షిప్తీకరణకు 60 ఉన్న పేపరది. పదేళ్లు ఒడియా రాసిన చెయ్యి తెలుగు ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. బడిలో రాసిన భాషనే ఎంచుకోవడం క్షేమం. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకునేవాళ్ల లెక్క వేరు: 500 మార్కులకూ తెలుగులోనే రాయాలి, అంత అలవాటున్నవాళ్లకే అది.

పేరుతో వచ్చే తంటా ఇంకొకటి. మన ఇంటిపేరు ముందుంటుంది. ఒడియా బడి రిజిస్టర్లో చివర ఉన్న 'రావు'నో 'మూర్తి'నో ఇంటిపేరుగా ఎక్కిస్తారు. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే ధ్రువపత్రాల పరిశీలనలో నిలిపేస్తారు. పదో తరగతిదే ప్రమాణం కాబట్టి ఆధార్‌నే దానికి సరిచేయించుకోవడం తేలిక. తప్పు సర్టిఫికెట్‌లోనే ఉంటే చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా బోర్డుకు వెళ్లాలి.

వెనుకబడిన తరగతులవారు ఒడిశా ఎస్.ఇ.బి.సి. (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల రాష్ట్ర జాబితా) పత్రంతో కేంద్ర ఉద్యోగాలకు దరఖాస్తు చేయకూడదు. కేంద్ర జాబితాలో ఒడిశా కింద తమ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో ఓబీసీ పత్రం తహసీల్దారు దగ్గర తీసుకోవాలి. తాతలది శ్రీకాకుళమని ఆంధ్ర పత్రం చూపితే ఒడిశాలో రిజర్వేషన్ వర్తించదు.

మీ విద్యా పేజీలో ఏటా జూన్‌లో, కాలేజీల్లో చేరికలప్పుడు, ఇవన్నీ ఒకసారి వేయండి.

— కొందరు పట్టభద్ర పాఠకులు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా