నా ఫైళ్ళను కాపాడిన మాస్టారికి, డాలస్ అక్కకు, ప్రెస్సు అన్నయ్యకు

నేను విజయవాడలో ఇంటి దగ్గరే పుస్తకాలకు పేజ్ మేకప్ చేస్తుంటాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని తెలిసి నా కంప్యూటర్‌ని 11కి మార్చుకున్నాను. మార్పు సాఫీగానే అయింది. గొడవంతా ఫైళ్ళను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే క్లౌడ్ యాప్‌లో మళ్ళీ లాగిన్ అయ్యాక మొదలైంది. సింక్ (ఇక్కడి ఫైళ్ళనీ క్లౌడ్‌లోవాటినీ ఒకేలా ఉంచే పని) బాణాలు గిర్రున తిరుగుతాయేగానీ పని ముందుకు కదలదు. స్క్రీన్ మీద ఎప్పుడూ ఉండే ఫోల్డర్లు సగం లేవు. ఉన్న పుస్తకం ఫైలు తెరిస్తే బొమ్మలన్నిటికీ లింకులు తెగిపోయి కనిపించాయి. జనవరిలో పుస్తక మహోత్సవం, చేతిలో ముగ్గురు రచయితల పుస్తకాలు. నా పరిస్థితి ఊహించుకోండి.

ఏ కంపెనీ యాప్ అని అడక్కండి, ఇది ఫిర్యాదు పోస్టు కాదు. సాయం చేసినవాళ్ళు తమ పేర్లు వేయొద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే చెప్తున్నాను. వాళ్ళు చెప్పింది మాత్రం వివరంగా రాస్తాను, తోటి డీటీపీ వాళ్ళకు పనికొస్తుంది.

ముందుగా గుంటూరు మాస్టారు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. దగ్గర్లోని రిపేరు షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, గంటలో అయిపోతుంది" అన్నారని చెప్పగానే మాస్టారు ఫోన్లోనే గట్టిగా అన్నారు: "అమ్మాయ్, దేన్నీ డిలీట్ చెయ్యకు, యాప్ తీసెయ్యకు, ఫార్మాట్ మాటే ఎత్తకు. ముందు సింక్‌ని పాజ్‌లో పెట్టు. తర్వాత బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి ఫైళ్ళు అక్కడున్నాయో లేదో చూడు." చూశాను. ఉన్నాయి. అప్పుడు కాఫీ తాగాను.

పాజ్ ఎందుకో ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. సింక్ అనేది అద్దంలాంటిదట, ఇక్కడ ఒకటి తీసేస్తే అక్కడా పోతుంది. క్లౌడ్‌లో ఉంది కదా అని ఇక్కడ చెరిపితే ఆ చెరిపివేత కూడా నమ్మకంగా సింక్ అవుతుంది. చాలా సర్వీసులు చెరిపిన ఫైలును 30 రోజుల పాటు బుట్టలో ఉంచుతాయిగానీ, గడువు దాటాక వెతికి లాభం లేదు. అందుకే అన్నిటికంటే ముందు వేరే డిస్కులోకి ఒక కాపీ తియ్యాలన్నారు. నా దగ్గర అంత ఖాళీ ఉన్న డిస్కు లేదు. ప్రెస్సు అన్నయ్య తన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును కుర్రాడికిచ్చి రాత్రికి రాత్రే పంపించారు. బిల్లు బాకీ ఉన్న మనిషికి ఎవరు పంపిస్తారండీ అలా?

కాపీ అయ్యాక ఒక్కో చిక్కూ విడిపోయింది. మాయమైన ఫోల్డర్లు అసలు ఎక్కడికీ పోలేదు. లాగిన్ అయ్యేటప్పుడు డెస్క్‌టాప్‌ని బ్యాకప్ చేసే ఆప్షన్ ఆన్ అయింది. దాంతో కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ అనే ఫోల్డర్లు రెండయ్యాయి. పాతది యూజర్ ఫోల్డర్‌లో, కొత్తది క్లౌడ్ ఫోల్డర్ లోపల. స్క్రీన్ మీద కనిపించేది కొత్తది, నా ఫోల్డర్లు కొన్ని పాతదాంట్లోనే ఉండిపోయాయి. ఆ ఆప్షన్‌ని కంగారుగా ఆపెయ్యొద్దని కూడా మాస్టారే హెచ్చరించారు. ఆపితే అప్పటికే అటు వెళ్ళినవి క్లౌడ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి, స్క్రీన్ ఖాళీ అయి, మనం మళ్ళీ గుండె పట్టుకుంటామట.

బొమ్మల సంగతి చిన్నదే. అవన్నీ ఆన్‌లైన్‌లో మాత్రమే ఉండి, ఇక్కడ పేర్లు కనిపిస్తున్నాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఈ కంప్యూటర్‌లోనే ఎప్పుడూ ఉంచమనే ఆప్షన్ పెట్టాను. దిగడానికి టైము పట్టింది, లింకులు వాటంతటవే కలిశాయి.

ఇక అసలు సింక్ ఎందుకు కదల్లేదన్నది. దీన్ని పట్టుకున్నది డాలస్‌లో ఉండే అక్క. అక్కడ అర్ధరాత్రి, మర్నాడు ఆఫీసు. అయినా నా స్క్రీన్ తన దగ్గర తెరుచుకుని ఎర్ర గుర్తు పడిన ఫైళ్ళన్నీ చూసింది. "ఇవన్నీ తెలుగు పేర్లవే, గమనించావా?" అంది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫైలు పూర్తి చిరునామా, అంటే డ్రైవ్ నుంచి ఫైలు పేరు చివరిదాకా, 260 అక్షరాలు దాటకూడదు. మన కంటికి అక్షరం అంటే ఒకటి, కంప్యూటర్‌కి ఇంకొకటి. "శ్రీ" మనకి ఒక్కటే, దానికి నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. "స్త్రీ" ఆరు. నా ఫోల్డర్ ఒకదాని పేరు "స్వాతంత్ర్యోద్యమంలో స్త్రీలు". మనం లెక్కపెడితే ఎనిమిది అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మధ్యలోని ఖాళీతో కలిపి 28. అందులో "ఫైనల్", దాంట్లో "ఫైనల్ కొత్తది", దాంట్లో "ప్రూఫ్ దిద్దినది". ఇన్నాళ్ళూ అంచు మీద నెట్టుకొచ్చిన చిరునామాలు, మధ్యలో క్లౌడ్ ఫోల్డర్ పేరు దూరేసరికి హద్దు దాటాయి. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ రోజుల్లో ఇంగ్లిష్‌లో పొట్టిపొట్టి పేర్లు పెట్టుకునేవాళ్ళం, ఈ బాధ తెలీలేదు. అలాగని తెలుగు పేర్లు మాననండీ. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టడం తగ్గించాను, అంతే.

అక్క పట్టుకున్న ఇంకో చిక్కు తలుచుకుంటే ఇప్పటికీ వింతగా ఉంటుంది. "సైన్స్ వ్యాసాలు" అని ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే చోట ఒకే పేరుతో రెండుండటం కుదరదు కదా! కంప్యూటర్లు అక్షరాలకు వాడే కోడ్ల పద్ధతి యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చట. ఒకే కోడ్‌గా ఒక రకం, ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి ఇంకో రకం. తెర మీద తేడా తెలీదు. ఆ రచయిత ఫైళ్ళు పాత మాక్ (ఆపిల్ కంప్యూటర్) నుంచి వచ్చాయి. ఆ రోజుల్లో మాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను అలా విడదీసి దాచుకునేది. విండోస్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. లోపలివన్నీ ఒకదాంట్లోకి చేర్చి, దానికి పేరు మళ్ళీ కొత్తగా టైపు చేస్తే జంట ఫోల్డర్ గొడవ తీరింది. తెలుగు తెలిసిన మనిషి కాకపోతే ఆ ఐత్వం మీద ఎవరి కన్ను పడుతుంది? అక్కా, నీకు ఆవకాయ జాడీ బాకీ.

చివరికి ఒక్క ఫైలు మొండికేసింది. వ్యాసం శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది, రచయిత ఫోన్ నుంచి అదే పేరుతో ఎక్కించారు. విండోస్‌లో ఫైలు పేరుకి ఆ గుర్తు చెల్లదు. వెబ్‌లోకి వెళ్ళి పేరులోంచి తీసేశాను, దిగిపోయింది. లోపల శీర్షికలో ప్రశ్న అలాగే ఉంది, రచయితగారూ, భయపడకండి.

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. మాస్టారూ, ఫోన్లో విసుక్కోకుండా ప్రతి మెట్టు దగ్గరా "ఇప్పుడేం కనిపిస్తోంది చదువు" అని అడిగారే, ఆ ఓపికకి ప్రత్యేకంగా. పుస్తకాలు మూడూ ప్రెస్సుకెళ్ళాయి. అన్నయ్యా, డిస్కు శనివారం మీ కుర్రాడి చేతికిస్తాను. నా కాపీ మాత్రం ఈ నెలాఖరుదాకా అందులోంచి తీసెయ్యకండి, నా కోసం వేరే డిస్కు కొని దాంట్లోకి ఎక్కించుకుంటాను. పాత బిల్లు కూడా అప్పుడే.