కారానికి వేరే గిర్నీ ఉంది, జొన్నకేదీ?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో, సాయంత్రం పూట రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళ గురించి వచ్చిన కథనం చదివాను. పొయ్యి సెగకు ఎదురుగా కూర్చుని గంటల తరబడి రొట్టెలు తట్టే వాళ్ళ కష్టాన్ని బాగా రాశారు. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. ఈ రొట్టెలు గ్లూటెన్ ఫ్రీ, అంటే గోధుమలో ఉండే జిగురు ప్రొటీన్ లేనివి, కాబట్టి ఎవరైనా నిశ్చింతగా తినొచ్చని ఉంది. జొన్నల్లో గ్లూటెన్ లేని మాట నిజమే. ఆ రొట్టెలో కూడా లేదని మాత్రం చెప్పలేం. ఈ తేడా మాకు చాలా ఆలస్యంగా, దెబ్బతిన్నాక తెలిసింది.

మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి, అంటే గోధుమ పడని జబ్బు. ఇప్పుడు 13 ఏళ్ళు, తొమ్మిదో ఏట బయటపడింది. అంతకుముందు రెండేళ్ళు ఐరన్ టానిక్కులు సీసాలకు సీసాలు తాగించాం. నులిపురుగుల మందు వేశాం. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. క్లాసులో అందరికంటే పొట్టి. మా అత్తయ్య ప్రతి ఆదివారం దిష్టి తీసేది. ఎన్ని మందులు వాడినా రక్తం పెరగకపోయేసరికి ఒక డాక్టర్ గారికి అనుమానం వచ్చి టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. ఈలోగా నేను ఎక్కడో చదివి చపాతీలు మాన్పించేశాను. ఆయన కోప్పడ్డారు. ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూసేదాకా గోధుమ తినిపిస్తూనే ఉండాలట, మానేస్తే పరీక్షకు జబ్బు దొరకదట. పడదేమోనని తెలిసీ పిల్లకు రోజూ ముద్దలు కలిపి పెట్టిన ఆ రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే ఈ జబ్బున్నవాళ్ళ శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకుంటుంది. పేగు లోపలి నూగు అరిగిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. మందు లేదు. జన్మంతా ఈ మూడూ మానెయ్యడమే వైద్యం. మానితే పేగు మళ్ళీ కోలుకుంటుంది, అదొక్కటే ఊరట.

మానడమంటే చపాతీ, పూరీ, ఉప్మా మానడమే అనుకున్నాం. అన్నం తినేవాళ్ళం, మనకేం కష్టం అనుకున్నాం. ఆర్నెల్లకు మళ్ళీ రక్తపరీక్ష చేస్తే అంకె దిగింది కానీ దిగాల్సినంత దిగలేదు. ఇంట్లో వాడే ప్రతి వస్తువూ రాసుకురమ్మన్నారు డాక్టర్ గారు. రాస్తూ రాస్తూ పోపుల పెట్టెలోని ఇంగువ డబ్బా తిప్పి చూశాను. కాంపౌండెడ్ ఇంగువ అని, కింద సన్నటి అక్షరాల్లో గోధుమ పిండి, గోంద్ అని ఉంది. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేమని పిండితో కలిపి అమ్ముతారట. పప్పుచారు, పులిహోర, మజ్జిగ పులుసు, ఆవకాయ... ఆర్నెల్ల పాటు పిల్లకు పథ్యం పేరుతో ఏం పెట్టానో తలుచుకుంటే ఏడుపొచ్చింది. అదే జాబితాలో రెండో అనుమానం జొన్నపిండి.

జొన్నలు మేమే కొని, ఏరి, కడిగి ఎండబెట్టి గిర్నీకి తీసుకెళ్ళేవాళ్ళం. ఒకరోజు నిలబడి చూశాను. నా ముందున్నాయన పది కిలోల గోధుమలు పట్టించుకున్నాడు. గిర్నీ మూతికి కట్టిన గుడ్డ గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి, నా జొన్నలు పోశారు. మొదట నా డబ్బాలో పడిన పిండి జొన్న రంగులో లేదు. ‘అన్నా, ఇది గోధుమ పిండి కదా’ అంటే, ‘జరంత పడ్తది అక్కా, ఏం గాదు. రొట్టె ఇంకా మంచిగొస్తది’ అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఎవరికైనా అది ‘జరంత’గానే కనిపిస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హద్దు పెట్టింది. కిలో జొన్నపిండిలో ఒక్క గ్రాము గోధుమ పిండి కలిసినా ఆ హద్దు దాటిపోతుంది.

అదే గిర్నీలో ఆ పక్కన ఇంకో మిషన్ ఉంది, మిరపకాయలకు. కారం పట్టిన దాంట్లో పిండి పట్టరు. పడితే ఆ రాత్రే ఇల్లంతా దగ్గుతారు, మర్నాడు వచ్చి పోట్లాడతారు. గోధుమ కలిస్తే ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పోట్లాడరు.

రొట్టెల బండి దగ్గరా ఒకసారి అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది: ‘ఉట్టి జొన్న అయితే విరుగుతది బిడ్డా, జర గోధుమ కలుపుత.’ అందరూ కలుపుతారని అనను. మీ విలేఖరి అడిగి ఉండాల్సింది అంటున్నాను.

ఇది ఉత్తరాది వాళ్ళ జబ్బు కదా, మనకెందుకు అని మా బంధువుల్లో డాక్టరు ఒకాయనే అన్నాడు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో వెయ్యి మందిలో ఎనిమిది మందికి పైగా ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిలో పదివేల మందిలో ఒక్కరి దగ్గర కనిపించింది. అంతవరకు ఆయన మాట నిజం. కానీ అదే అధ్యయనంలో, ఈ జబ్బుకు దారితీసే జన్యువులు ఉత్తరాదిలో 38 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలో 36 శాతం మందిలో ఉన్నాయి. తేడా అల్లా తిండిలో. అక్కడ మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ 25 గ్రాములు. ఆ పాతిక గ్రాములు ఇవాళ్టి హైదరాబాద్ లెక్క అంటే నేను నమ్మను. షుగర్ వచ్చిన ప్రతి ఇంట్లో రాత్రి చపాతీలే. పొద్దున్న చాయ్‌లో బిస్కట్లు, సాయంత్రం పిల్లలకు నూడుల్స్. పైగా ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు ఎందరో. రక్తం పట్టని పిల్లలకు టానిక్కులు రాసి పంపేస్తుంటే ఎవరి లెక్క ఎప్పటికి తేలుతుంది?

బయట తినడం గురించి చెప్తే ఒక పుస్తకమవుతుంది. హలీం వద్దని తెలుసు, అందులో గోధుమ పడుతుంది. మంచూరియాలో మైదా తెలుసు, సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని తెలియదు. బిరియానీ అంటే బియ్యం, మాంసమే కదా అనుకుంటే, పైన చల్లే ఉల్లిపాయలు కరకరలాడాలని కొందరు మైదా పట్టిస్తారు. పాలల్లో కలిపే మాల్ట్ పొడిలో బార్లీ. రాగి బిస్కట్లని ముందు పెద్దగా రాసి ఉంటుంది, వెనక్కి తిప్పితే గోధుమ పిండి. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊరు మనది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు గల్లీకో మిల్లెట్ దుకాణం వచ్చింది. పిండి ఏ గిర్నీలో పట్టించారని అడిగితే మాత్రం ఒక్క దుకాణంలోనూ తిన్నగా జవాబు రాలేదు. ‘డైటింగా మేడమ్?’ అని నవ్వుతారు. గ్లూటెన్ ఫ్రీ అన్న మాటను సన్నబడే చిట్కాగా మార్చి మా నోట్లో మన్ను కొట్టింది ఈ ఫ్యాషనే.

అన్నిటికంటే కష్టం ప్రసాదం. పక్కింట్లో సత్యనారాయణ వ్రతం జరిగితే గోధుమ రవ్వ ప్రసాదం ఆకులో పెట్టి చేతికిస్తారు. ఎలా వద్దంటాం? ‘దేవుడి ప్రసాదం ఏమీ చెయ్యదే’ అని మా అత్తయ్య మొదటి ఏడాది రెండు సార్లు పెట్టింది. రెండు రాత్రులూ పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. ఆ తర్వాత మా ఇంట్లో వ్రతానికి ఆవిడే బియ్యపు రవ్వతో, అంతే నెయ్యి, అంతే బెల్లం పోసి చేసింది. పంతులు గారు కాదనలేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ‘ఇందులో గోధుమ ఉందా?’ అని అందరికంటే ముందు అడిగేది ఆవిడే.

ఆ ప్రశ్నకు ఈ నగరంలో జవాబు దొరకాలన్నదే నా గొడవంతా. ప్యాకెట్ మీద గోధుమ, పాలు, వేరుశనగ లాంటివి ఉంటే విధిగా చెప్పాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలున్నాయి. పది చోట్ల, అంతకు మించి శాఖలున్న హోటళ్ళు కూడా తమ వంటకాల్లో అలాంటివి ఏమున్నాయో చెప్పాలి. మరి మనం తినేది టిఫిన్ సెంటర్లలో, స్వీటు షాపుల్లో, ఫంక్షన్ హాళ్ళలో, హాస్టళ్ళలో. అక్కడ ఎవరినడగాలి? ప్రతి బండికీ అచ్చేసిన మెనూ కార్డు పెట్టమనడం లేదు. అది జరగదు, జరిగినా ఎవరూ చదవరు. ఇవాళ ఏ క్యాటరర్‌నైనా జైన్ భోజనం కావాలంటే ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేకుండా వేరే గిన్నెల్లో వండి, వేరే కౌంటర్ పెడతాడు. దాన్నెవరూ డైటింగ్ అనరు. అడిగేవాళ్ళున్నారు కాబట్టి నేర్చుకున్నారు. ఆహార భద్రత అధికారులు వంటగదుల తనిఖీకి వెళ్ళినప్పుడు బొద్దింకలతో పాటు ఈ ఒక్క సంగతి కూడా అడిగితే వంటవాళ్ళకు మాట చెవిన పడుతుంది. జొన్నలు, రాగులు అమ్మే మహిళా సంఘాలకు ప్రభుత్వం మిషన్లు ఇచ్చేటప్పుడు, ఇది గోధుమకు వాడొద్దని ఒక్క బోర్డు రాయించినా చాలు, నేను ఊరి అవతలనుంచైనా వెళ్ళి పట్టించుకుంటాను. ప్రస్తుతానికి అప్పు చేసి ఇంట్లోనే చిన్న గిర్నీ కొనుక్కున్నాం. అందరూ కొనలేరు.

మా అమ్మాయి ఇప్పుడు బాగుంది. నాలుగేళ్ళలో నన్ను మించి ఎత్తు పెరిగింది. ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఆ రొట్టెల బండి ముందు ఒక నిమిషం ఆగి, కాలే రొట్టె వాసన పీల్చి వస్తుంది. మీ విలేఖరి మళ్ళీ అటు వెళ్తే, పిండి ఎక్కడ పట్టించారో, అందులో ఏం కలిపారో అడగమనండి. జవాబు సరిగ్గా ఉన్న బండి ఒక్కటి దొరికినా అది ఎక్కడుందో రాయండి. నాలుగు రొట్టెలు, వెల్లుల్లి కారం కట్టించుకుని వస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్